మేనత్త పోలిక

పిల్ల లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్ల కదా, తన సంగతులు తననే చెప్పుకోనివ్వండి, అవసరమైనప్పుడు పిలుస్తాను అని డాక్టరమ్మ అనడంతో బయట బల్ల మీద ఒక చివర వదిన, ఇంకో చివర ఆమె, పిల్ల మేనత్త, మిగిలారు. ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు ఆడవాళ్లు రైల్లో ముఖపరిచయం లేని ప్రయాణికుల్లా కూర్చున్నారు. పోయిన వారం పిల్ల చేతిలోంచి తీసిన రక్తం ఇవాళ నోరు విప్పుతుంది. జబ్బు ఉందంటుందో, లేదంటుందో. ఉందంటే అది ఎవరి నుంచి వచ్చిందా అని వదిన వెతకనక్కర్లేదు, తల ఇటు తిప్పితే చాలు. ఆ తల ఇటు తిరగకుండా వదిన ఎదురు గోడనే చూస్తోంది. గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలు వేసి ఉన్నాయి. ఊరందరి దుప్పట్లూ ఉతికే ఇంటి కోడలికి చేతులు కడుక్కోవడం నేర్పుతున్నారు, అనుకుంది ఆమె. ఇంకో రోజైతే ఆ మాట పైకే అనేది, వదిన నవ్వు కనపడకుండా ముఖం తిప్పుకునేది. ఇవాళ అనలేదు. చెప్పుల్లో పాదాలు బిగుతుగా ఉన్నాయి, పొద్దున్న వేసుకున్నప్పటికంటే ఇంకా బిగుతుగా.

కిటికీ దగ్గర నేల మీద ఎండ పడుతోంది. వచ్చీ రాగానే ఆ ఎండకు దూరంగా ఉన్న చివర చూసుకుని కూర్చుంది, ఆలోచించకుండానే, నిప్పు దగ్గర చెయ్యి తనంతట తనే వెనక్కొచ్చినట్టు. ఎండంటే ఆమెకు భయమని వీధి వీధంతా అనుకుంటుంది. మబ్బు పట్టిన రోజు కూడా గొడుగు వేసుకునే వెళ్తుందని గొడుగమ్మ అని పేరు కూడా పెట్టారు. వాళ్లకేం తెలుసు, ఎండను ఆమె ప్రేమించినంతగా ఆ వీధిలో ఎవరూ ప్రేమించి ఉండరు. నాన్న లాండ్రీ పెట్టిన రోజుల్లో ఎండే వాళ్లింటి పెద్ద పనివాడు. జీతం అడగడు, పండగ సెలవు అడగడు, వానాకాలంలో మాత్రం చెప్పాపెట్టకుండా ఎగ్గొడతాడు అనేవాడు నాన్న. పొద్దున్నే డాబా ఎక్కి ఆకాశాన్ని చూసి, ఇవాళ పెద్దాయన పనిలోకి వచ్చాడు, తీసుకురండి దుప్పట్లు, అని కిందికి కేకేసేవాడు. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు, తడితో మనిషంత బరువుండేవి. ఒక కొస అమ్మ, ఒక కొస తను పట్టుకుని మెలితిప్పి పిండుతుంటే నీళ్లు కాళ్ల మీద పడేవి, డాబా సెగకు ఆ నీళ్లు అంగుళం కూడా పారకుండా ఆరిపోయేవి. నీలిమందు అంటి అమ్మ మోచేతుల దాకా నీలంగా ఉండేది, చెమట తుడుచుకుంటే నుదుటి మీద కూడా నీలం. దండేల నిండా ఆరేశాక తెల్లటి గోడలతో వీధులు తయారయ్యేవి. ఆ వీధుల్లో అన్నయ్యా తనూ దొంగాట ఆడేవాళ్లు, దుప్పటి అవతల మనిషి నీడ కనపడుతుంది కదా, అందుకని గొంతుక్కూర్చుని నడవాలి. మధ్యాహ్నానికి దుప్పట్లు ఆరి పెళపెళలాడుతుంటే తీసి మడత పెట్టే ముందు ఒక్కసారి ముఖం అందులో దాచుకునేది. ఆ వాసన. దానికి పేరు లేదు. సబ్బు కాదు, గంజి కాదు. ఎండ వాసన అంటే ఎవరైనా నవ్వుతారు కానీ అది ఎండ వాసనే. ఇప్పుడు ఇస్త్రీ గదిలో కూర్చుని ఆ దుప్పట్లనే మడతలు విప్పి పెట్టె తోస్తున్నప్పుడు ఇంకా కొంచెం ఉంటుంది, వేడి తగలగానే లేచి ముక్కుదాకా వచ్చి పోతుంది.

"ఇంకా ఎంతసేపు?" అంది వదిన గోడతో.

"పిలుస్తారులే."

పిలుస్తారు. తన జబ్బును పేరు పెట్టి పిలవడానికి ఎంత కాలం పట్టింది. మొదట వేళ్లు. చలికాలం పొద్దున తొట్టిలో చేతులు పెట్టి తీస్తే వేళ్ల చివర్లు తెల్లగా, చచ్చినట్టు. చన్నీళ్లకి అలాగే అవుతుందే, ఉతికేవాళ్లమ్మాయివి, కలెక్టరువి కాదు, అంది అమ్మ, అని తన చీర కుచ్చిళ్లలో ఆ చేతులు చుట్టి రుద్దింది. తరవాత బుగ్గలు. ముక్కు మీదుగా అటొకటి ఇటొకటి ఎర్రగా విచ్చుకున్నాయి, ఎండలోంచి వచ్చినప్పుడు ఇంకా ఎర్రగా. పక్కింటావిడ గడ్డం పట్టుకుని, పిల్లకి పెళ్లికళ వచ్చేసింది, ఇక ఆగదు, అంది. అమ్మ మురిసిపోయింది. ఆమె కూడా, ఇప్పుడు అనుకుంటే సిగ్గు కానీ, అద్దంలో తెగ చూసుకుంది. రోగాన్ని చూసి పెళ్లికళ అనుకుని ఒక వేసవంతా మురిసిపోయిన ఇల్లు వాళ్లది. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు కూడా రంగు బాగుందన్నారట. ఆ తరవాత కీళ్లు. పొద్దున్న లేస్తే వేళ్లు ముడుచుకోవు, బకెట్ పట్టుకుంటే జారిపోతుంది, మధ్యాహ్నానికి ఒంట్లో ఉన్న సత్తువంతా ఎవరో పిండేసి దండెం మీద వేసినట్టు. బద్ధకం అన్నారు. రక్తం తక్కువ అన్నారు. వాతం అన్నారు. తిండిలో ఏదో పడట్లేదన్నారు. ఈ వయసులో ఆడపిల్లలకి మనసు బాగోక ఒళ్లు అలా అనిపిస్తుంది, పెళ్లయితే సర్దుకుంటుంది అని ఒక డాక్టరు ముక్కు మీద కళ్లజోడు సర్దుకుంటూ అన్నాడు. మందుల కొట్టతను ఇచ్చిన నొప్పి బిళ్లలు వేసుకుని దుప్పట్లు పిండింది. అతనే ఇచ్చిన ముఖానికి రాసుకునే మందు రాస్తే నెలపాటు బుగ్గలు పాలిపోయి, ఆపగానే రెట్టింపు మండాయి. పెద్దాసుపత్రికి వెళ్లాలంటే ఊరు ఆ చివర, ఒక రోజు పోతుంది. ఒక రోజు పోతే హోటలువాళ్ల దుప్పట్లు పోతాయి, దుప్పట్లు పోతే హోటలు పోతుంది. వచ్చే వారం వెళ్దాం అనేవాడు నాన్న. నాన్న మంచివాడు. వచ్చే వారం అని అన్న ప్రతిసారీ నిజంగానే వెళ్దామనే అనుకున్నాడు.

చివరికి కాళ్లు వాచి, ముఖం వాచి, ఒక పొద్దున కళ్లు తెరుచుకోకపోతే అన్నయ్య ఆటోలో వేసుకుని వెళ్లాడు. అక్కడ ఒక కుర్ర డాక్టరు అన్నీ చూసి లూపస్ అన్నాడు. అమ్మ చాలాసేపు విని, ఆ లూపస్ గారు ఎప్పుడొస్తారు బాబూ, వచ్చాక చూపిస్తాం, అంది. అది డాక్టరు పేరనుకుంది. తరవాత ఏళ్ల తరబడి ఇంట్లో అదొక హాస్యం, అమ్మ కూడా నవ్వేది, మా అల్లుడు లూపస్, పిల్లని ఏలుకుంటున్నాడు, వదలడు, అనేది. నవ్వి నవ్వి కళ్లు ఒత్తుకునేది. ఆ కుర్ర డాక్టరు మంచివాడే. కిడ్నీల దాకా వెళ్లిందమ్మా, కొంచెం ముందు తెచ్చి ఉంటే, అని ఆగిపోయి, ఎండ తగలకూడదు, అలసిపోకూడదు, మనసు కష్టపెట్టుకోకూడదు, మందులు ఒక్క పూట కూడా ఆపకూడదు అన్నాడు. మేం ఎండలోనే బతుకుతాం బాబూ, అంది అమ్మ. అతను పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. దానికి మందు అతని దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు.

ఇదే వరండాలో బ్యాంకావిడ పరిచయం. ఒకటే వయసు, ఒకటే జబ్బు, ఒకరే డాక్టరమ్మ, మందుల పేర్లు కూడా చాలావరకు ఒకటే. మీకెప్పుడు తెలిసింది అని అడిగితే, మొదటి నెల్లోనే, మా మరిది డాక్టరు, నా బుగ్గలు చూసి భోజనాల దగ్గరే చెప్పేశాడు, అంది. భోజనాల దగ్గర. ఆ మాట ఆమెకు ఎన్నాళ్లో చెవిలో ఉండిపోయింది. అసూయ కాదు, ఆవిడంటే ఇష్టం, తనకు చేతులకు తొడుక్కునే నూలు తొడుగులు తెచ్చిచ్చింది, సాయంత్రాలు ఈత కొడతాను, వెలుగు తగ్గాక, అని చెబుతుంటే వినడానికి బాగుండేది. ఆవిడ ఆఫీసులో కిటికీ పక్కనుంచి బల్ల మార్చారట, ఒంట్లో బాగోలేని రోజున ఇంటి నుంచే పని చెయ్యమన్నారట. ఆవిడ కిడ్నీలు ఇప్పటికీ కొత్తవాటిలా ఉన్నాయి. జబ్బు ఇద్దరినీ ఒకేలా చూసింది, పాపం, దానికి పక్షపాతం లేదు. మిగిలినవన్నీ తేడాగా చూశాయి.

బ్యాంకావిడ ఈత కొడుతున్న ఏళ్లలో ఆమె డాబా దిగి ఇస్త్రీ గదిలోకి వచ్చింది. అదే ఏడు వదిన కాపురానికి వచ్చింది. ఒకరు దిగారు, ఒకరు ఎక్కారు. కొత్తకోడలి చేతికి తడిదుప్పటి కొస అందించి అమ్మ, ఆడపిల్లకి ఒంట్లో బాగోదమ్మా, నువ్వే సర్దుకోవాలి, అంది. ఆ మాట మీద వదిన ఇరవై ఏళ్లు సర్దుకుంది. తెల్లగా వచ్చిన మనిషి మొదటి వేసవికే కమిలిపోయింది, మెడ మీద, ముంజేతుల మీద పొట్టు రాలింది. కింద చూస్తే ఆడపడుచు నీడపట్టున కూర్చుని ఉంది, పుష్టిగా గుండ్రటి ముఖం వేసుకుని. ఆ గుండ్రం మందుల వల్ల అని ఎవరు చెప్పాలి, చెబితే ఎవరు నమ్మాలి. రోగమొచ్చి చిక్కిపోయినవాళ్లని చూశాను గానీ నిగనిగలాడేవాళ్లని ఇక్కడే చూస్తున్నా, అంది వదిన ఒకసారి. మహారాణి, అంది ఇంకోసారి, అన్నయ్య వినేలా. ఆమెకు కోపం వచ్చేది, మళ్లీ డాబా మెట్ల మీద వదిన అడుగులు వినపడేవి, తన బరువు కూడా మోస్తున్న అడుగులు, కోపం నిలిచేది కాదు. ఒకసారి ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మందు అయిపోయింది, వచ్చే వారం రండి అన్నారు, వచ్చే వారం కూడా వచ్చే వారం అన్నారు. బయట కొనాలి. సరిగ్గా అప్పుడే పిల్లని బడిలో వేస్తున్నారు. ఇంట్లో ఎవరూ మందు మానెయ్యమనలేదు, ఒట్టు, ఎవరి నోటా రాలేదు. తనే బిళ్ల విరిచి సగం వేసుకుంది, తరవాత రోజు విడిచి రోజు, బాగానే ఉన్నాను కదా అనుకుంది. మళ్లీ కాళ్లు వాచేదాకా బాగానే ఉంది. ఆ దెబ్బతో కిడ్నీలు సగం పని మానేశాయి, ఇక పూర్తిగా తేరుకోలేదు. ఎందుకు మానేశావు అని అన్నయ్య అరిచాడు. మర్చిపోయాను అంది.

కానీ ఆ ఏళ్లు చెడ్డవి కావు. ఎవరైనా ఇచ్చేస్తామంటే మళ్లీ అవే తీసుకుంటుంది. వదిన డాబా మీద ఉంటే పిల్ల ఇస్త్రీ గదిలో తన దగ్గరే పెరిగింది. ఇస్త్రీ చేసిన తువ్వాళ్ల బుట్టలో, ఇంకా వెచ్చగా ఉన్న వాటి మధ్య పడుకోబెడితే గుప్పిళ్లు బిగించి నిద్రపోయేది. కాస్త పెద్దయ్యాక దిండు గలీబులు లెక్కపెడుతూ లెక్కలు నేర్చుకుంది, తడిచేత్తో బట్ట మీద నీళ్లు చిలకరించే పని తనదేనని పోట్లాడేది, సగం నీళ్లు ఆమె ముఖం మీదే. అత్తా, పెట్టె నాకివ్వు. నీకింకా చెయ్యి ఆనదే. ఆనుతుంది, చూడు. నవ్వితే ఎడమ కన్ను ముందు మూసుకుపోతుంది, నడిస్తే కుడి భుజం ముందుకు, ముక్కు కూడా అదే. అచ్చం మేనత్త పోలిక, అనేవాళ్లు వచ్చినవాళ్లందరూ. చిన్నప్పుడు వదిన కూడా అనేది, పిల్ల అల్లరి చేస్తే, మేనత్త పోలిక, ఇక చెప్పేదేముంది, అని. ఈ మధ్య ఎవరైనా అంటే విననట్టు లోపలికి పోతోంది.

ఎందుకంటే ఈ వేసవిలో పిల్ల పరీక్షలయ్యాక అమ్మకి సాయంగా డాబా ఎక్కింది. ఒక సాయంత్రం దిగివచ్చి, మంచునీళ్ల సీసా పట్టుకుని తాగి, ఇస్త్రీ బల్ల మీద చేతులు పరిచి, అత్తా, చూడు, సుద్దముక్కలు, అని నవ్వింది. వేళ్ల చివర్లు తెల్లగా ఉన్నాయి. ముఖం ఎత్తితే బుగ్గలు. చేతిలో పెట్టె అలాగే ఆగిపోయి హోటలువాళ్ల గలీబు మీద గోధుమరంగు మచ్చ పడింది, ఇన్నేళ్లలో ఆమె కాల్చిన మొదటి బట్ట. ఆ మాట వదినతో ఎలా చెప్పిందో ఇప్పుడు గుర్తులేదు, వదిన అన్నదే గుర్తుంది. నీ రోగం నా పిల్లకి అంటగట్టకు. తలుపు విసిరేసి వెళ్లింది. అన్నయ్య ఇద్దరి మధ్యా పడి నలిగిపోయి, ఎండకి కందిందేమోలే, అన్నాడు, అచ్చం నాన్న గొంతుతో. ఆ గొంతు వినగానే ఆమెకు ఒళ్లు జలదరించింది. మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తలేదు, ముగ్గురూ మూడు మూలల్లో తిరిగారు. ఆ తరవాత ఒక మధ్యాహ్నం వదిన ఇస్త్రీ గది గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, "దిండు మీద జుట్టు ఎంత రాలితే ఎక్కువ అనాలి?" అని అడిగింది. గుప్పిట్లో చుట్టగా చుట్టిన జుట్టు. ఆమె పెట్టె పక్కన పెట్టి లేచింది. కొత్తవాళ్లకి ఈ ఆసుపత్రిలో చూపించుకోవడానికి నెలలు పడుతుంది. పోయిన వారం ఆమెకు వంతు ఉంది, కాళ్లలో మళ్లీ నీరు చేరుతోంది, ఆ వంతు కోసం ఎదురుచూస్తూనే ఉంది. ఆ వంతుకి పిల్లని తీసుకొచ్చింది. గుమస్తా కుదరదన్నాడు, ఒకరిది ఒకరికి ఎలా ఇస్తామన్నాడు. ఇంటి పేరు ఒకటే, ముక్కు ఒకటే, జబ్బు కూడా ఒకటే అయితే మీకేం నష్టం బాబూ, అంది. అతను తలెత్తి ఆమెనూ పిల్లనూ చూసి లోపలికి పంపాడు. ఇంట్లో మాత్రం డాక్టరమ్మ తెలిసినావిడే, రమ్మంది, అని ఊరుకుంది.

తలుపు తెరుచుకుంది. "అమ్మాయి తాలూకు రండి," అంది నర్సు. వదిన లేచి, గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. ఆమె చెయ్యి అందించింది. వదిన పట్టుకుంది. ఎండకి బరకెక్కిన అరచెయ్యి, ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.

డాక్టరమ్మ తిప్పి చెప్పలేదు. "ఉందమ్మా. లూపస్సే. కానీ కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి, గుండె బాగుంది, రక్తం బాగుంది. చాలా తొందరగా తెచ్చారు. ఇంత తొందరగా నా దగ్గరికి వచ్చేవాళ్లు అరుదు."

శుభ్రంగా ఉన్నాయి. ఆ మాట వినగానే గుండెల మీద నుంచి బండ దొర్లినట్టయింది, దాని వెనకే, రెప్పపాటు, ఇంకొకటి కూడా లేచింది, ఇదీ అని పోల్చుకునేలోపే ముల్లులా గుచ్చింది. నన్నెవరూ ఇంత తొందరగా తేలేదు. చంటిపిల్లగా తన బుట్టలో నిద్రపోయిన పిల్ల మీద అసూయ. ఛీ అనుకుంది. కానీ ఉంది, అది ఉందని ఒప్పుకుంటే తగ్గింది.

పిల్ల కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంది. ఎవరివైపూ చూడకుండా అడిగింది. "అంటే నేను మా అత్తలాగా అవుతానా?"

డాక్టరమ్మ కాగితాలు తిప్పింది. వదిన తల దించుకుంది. ఆమె కాళ్ల వైపు, ఆమె ముఖం వైపు చూడకుండా ఉండడానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో ఆమెకు తెలుస్తోంది. తను ఒక కొలబద్ద అయింది, ఇక్కడిదాకా రాకూడదు అని గీసిన గీత. నొప్పి కలగలేదు, ఆశ్చర్యం. ఇన్నేళ్ల తన బతుకు ఒక పిల్లకి ఆ మాత్రం పనికొస్తే రానీ.

"అవ్వవు," అంది ఆమె. "నాకిది తెలిసేసరికి కొంప మునిగింది. నీకు గుమ్మంలో ఉండగానే తెలిసింది. మీ అమ్మ దిండు మీద వెంట్రుకలు ఏరింది, అందుకని."

"అది సరే," అంది డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి. "మీ వంతు ఈ అమ్మాయికి ఇచ్చేశారట, గుమస్తా చెప్పాడు. మళ్లీ మీరు వచ్చేది ఎప్పుడు? ఆ పాదాలేంటి?"

వదిన తలెత్తింది. ఆమె పాదాల వైపు చూసింది, చెప్పు పట్టీల మధ్య నుంచి ఉబ్బి పైకి లేచిన చర్మం. ఆ పాదాలతోనే పొద్దున్న బస్సులో నిలబడి వచ్చింది, ఉన్న ఒక్క సీటూ వదినకి ఇచ్చి. వదిన లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడింది, తర్వాతి రోగిని పిలవబోతున్న నర్సుకి అడ్డంగా.

"ఈవిడ మా ఆడపడుచు," అంది. "ఈవిణ్ణి చూసేదాకా మేం కదలం. ఎవర్ని పిలుస్తారో పిలవండి."

"అమ్మా, బయట చాలామంది ఉన్నారు," అంది నర్సు.

"ఉంటారు. ఇరవై ఏళ్లుగా డాబా మీద నిలబడ్డదాన్ని, ఇక్కడ నిలబడలేనా?"

డాక్టరమ్మ నవ్వాపుకుని, కూర్చోండి అని పిల్ల కుర్చీ ఆమెకు చూపించింది. మోకాలి కింద బొటనవేలుతో నొక్కి తీస్తే గుంట పడింది. వెంటనే పూడలేదు. రక్తం ఇవ్వాలి, మందు మార్చాలి, అవసరమైతే మళ్లీ కొన్నాళ్లు ఇక్కడే ఉండాల్సి రావచ్చు అంది. ముందే వచ్చి ఉంటే బాగుండేది, అనలేదు. ఆవిడకూ తెలుసు.

రక్తం ఇచ్చే గది ముందు మళ్లీ ఒక బల్ల. పిల్ల కాగితాలు పట్టుకుని వరుసలో నిలబడింది, ఒక్కసారి ముఖం మోచేతిలో దాచుకుని తుడుచుకుని మళ్లీ మామూలుగా నిలబడింది. తల్లి చూసింది, మేనత్త చూసింది, ఇద్దరూ లేవలేదు, ఆ పిల్లకి ఆ నిమిషం తన ఒక్కదానిదే కావాలని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. అన్నయ్యకి ఎలా చెప్పాలి. డాబా మీద ఇక ఎవరు. ఇంకో మనిషిని పెట్టుకోవాలి, లేదా కొన్ని హోటళ్లు వదులుకోవాలి, ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించుకోవాలి, అది పిల్ల మందులో మాత్రం కాకూడదు. అనుకుంటూ కూర్చుంటే వదిన దగ్గరకి జరిగింది.

"నాకు చెప్పు," అంది మెల్లగా. "మొదట్నుంచీ చెప్పు. పొద్దున్న లేస్తే ఎలా ఉంటుంది, ఎక్కడ నొప్పి, ఏం తింటే పడదు, ఎప్పుడు కోపమొస్తుంది. ఏదీ వదలకు."

ఇరవై ఏళ్లలో ఈ మాట ఎవరూ అడగలేదు. అమ్మ కూడా ఎలా ఉందే అనేది, బాగానే ఉంది అంటే నమ్మేది, నమ్మాలని ఉండేది. చెప్పవలసింది ఎంతో ఉంది.

"పొద్దున్న పిల్ల లేవకపోతే కేకలెయ్యకు వదినా," అని మొదలుపెట్టింది ఆమె. "మెలకువగానే ఉంటుంది. వేళ్లు ముడుచుకోవడానికి కాసేపు పడుతుంది. గోరువెచ్చటి నీళ్లు చెంబుతో పక్కన పెట్టు, మాట్లాడించకు. ఆ కాసేపట్లో ఎవరైనా బద్ధకం అన్నారనుకో..."

వదిన కళ్లు దించలేదు.

"అంటే?" అంది వదిన. "చెప్పు. అంటే ఎలా ఉంటుంది?"